ఎముకల గూడు కుట్టిన అవ్వ రాస్తున్నది

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ లేఖల పేజీలో రిటైర్డ్ లెక్చరర్ గారొకరు హాలోవీన్ మీద రాసింది చదివాను. అమెరికాలో మన పిల్లలు అక్టోబరు 31 రాత్రి దయ్యాల వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుక్కుంటున్నారనీ, ఇది క్షుద్రమనీ, అక్కడి తెలుగు తల్లిదండ్రులు సిగ్గుపడాలనీ ఆయన బాధ. ఆయన నాకంటే చదువుకున్నవారు. నేను పదో తరగతితో ఆపేసి, తిరుపతి కొర్లగుంటలో ముప్పై నాలుగేళ్ళు జాకెట్లు కుట్టినదాన్ని. అయితే పోయిన ఏడాది, అంటే 2024 అక్టోబరు 31న, నేను అమెరికాలోనే ఉన్నాను. ఆ దయ్యాల్లో ఒకదానికి బట్టలు కుట్టింది నేనే. అందుకని ఈ నాలుగు ముక్కలు.

మా అబ్బాయి వాళ్ళుండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌కు దగ్గర్లో. నేను ఆగస్టులో వెళ్ళాను. రెండు నెలల పాటు నాకు కనిపించినవి మూసిన తలుపులే. కారు గరాజులోంచి వస్తుంది, మళ్ళీ గరాజులోకే పోతుంది, మధ్యలో మనిషి కనపడడు. పక్కింటామె పేరేమిటని మా కోడల్ని అడిగితే, "తెలియదత్తా, పెద్దావిడ, ఒక్కతే ఉంటుంది" అంది. వాళ్ళు ఆ ఇల్లు కొని మూడేళ్ళు. ఓక్ ట్రీ రోడ్డుకు వెళ్తే మన అంగళ్ళు, మన మాటలు, కరివేపాకు వాసన అన్నీ ఉంటాయి. కానీ కారెక్కించి తీసుకుపోయేవాళ్ళు కావాలి కదా.

అక్టోబరు వచ్చేసరికి ఆ వీధికి ఏదో పూనింది. ఒకింటి ముందు పన్నెండడుగుల ఎముకల గూడును నిలబెట్టారు. మేడ మీది కిటికీలోంచి చూస్తే దాని పుర్రె మన మొహానికి ఎదురుగా ఉంటుంది. ఇంకో ఇంటి పొదల మీద దూది పింజలు లాగి సాలెగూళ్ళు అల్లారు. గడ్డిలో థర్మాకోల్ సమాధిరాళ్ళు పాతారు. గాలి నింపే దయ్యం ఒకటుంది. పగలు మోటారు కట్టేస్తే ఉతికి పారేసిన దుప్పటిలా నేల మీద పడి ఉంటుంది, చీకటి పడగానే లేచి ఊగుతుంది. ఆ ఎముకల గూటిని మొదటిసారి చూసినప్పుడు నేను గోవిందా గోవిందా అనుకున్న మాట నిజమే. వారం తిరిగేసరికి ఆ ఇంటివాళ్ళు దానికొక టోపీ పెట్టారు. టోపీ పెట్టుకున్న దయ్యాన్ని చూసి ఎవరైనా ఎన్నాళ్ళు భయపడతారు?

మా మనవడికి అప్పుడు ఏడేళ్ళు. వాడికి ఎముకల గూడు వేషమే కావాలి. కోడలు ఫోన్లో చూపించింది, ముప్పై అయిదు డాలర్లు. అంగడికి వెళ్ళి గుడ్డ పట్టుకుని చూశాను. ఉల్లిపొర. కుట్టు చూస్తే దూరం దూరంగా, లాగితే ఊడొచ్చేలా ఉంది. ఒక్క రాత్రి కట్టుకునేదానికి మన డబ్బుల్లో మూడు వేలా అని నాకు ప్రాణం ఒప్పలేదు. నేనే కుడతానన్నాను.

కోడలి స్నేహితురాలింట్లో మూలన పడి ఉన్న చిన్న మిషను తెచ్చారు. నల్ల ప్యాంటు, పొడుగు చేతుల నల్ల బనీను కొన్నాం. తెల్ల గుడ్డ మాత్రం నా దగ్గరే ఉంది. మా ఆయన పంచె. ఆయన పోయి ఆరేళ్ళు. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన ఆ పంచెను పారెయ్యడానికి చెయ్యి రాక, ఊరగాయ సీసాలు పగలకుండా చుట్టి సూట్‌కేసులో పెట్టుకొచ్చాను. అది పరిచి సుద్దముక్కతో ఎముకలు గీస్తుంటే కాసేపు కత్తెర ఆడలేదు. చనిపోయిన మనిషి పంచెలోంచి పక్కటెముకలు కత్తిరించడమేమిటని అనిపించింది. మళ్ళీ నాకే నవ్వొచ్చింది. ఆయనుంటే పంచె ఇంకా బాగుంది కదా అని దానికోసం పోట్లాడేవాడు, ఎముకల సంగతి పట్టించుకునేవాడు కాదు.

ఎడంవైపు ఒక ఎముకకు ఆవకాయ నూనె మరక వచ్చింది. అది తీసేసి వేరేది కత్తిరిస్తానంటే వాడు ఒప్పుకోలేదు. రక్తంలా ఉందట, అదే కావాలట. ఇంకో పేచీ, పక్కటెముకల లెక్క. నేను ఆరు జతలు పెట్టాను. వాడు వేలు పెట్టి లెక్కేసి, "అవ్వా, మనుషులకు పన్నెండు జతలుంటాయి" అన్నాడు. నీ పొట్ట మీద అంత చోటెక్కడుందిరా అన్నాను. మొదట గమ్ముతో అతికిస్తే రెండు గంతులేసేసరికి మోచేతి ఎముక ఊడి సోఫా కిందికి పోయింది. ఇక లాభం లేదని ముప్పై ఎనిమిది ముక్కలూ చేత్తో హెమ్మింగు చేశాను. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది.

వేషాలు కుట్టడం నాకు కొత్త కాదు. మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. మీ పత్రికలో ఏటా ఫోటోలు వేస్తారు కాబట్టి పాఠకులకు తెలిసే ఉంటుంది. ఊరిమీద పడి ఆడవాళ్ళను చెరిచే పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు రోజుకో మారువేషం వేసిందని కథ. చివరికి దొర వేషంలో వస్తే వాడు దొరే కదా అని దాగినచోటు నుంచి బయటికి వచ్చాడు, ఆమె తల నరికింది. అందుకే ఆ వారమంతా జనం బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని వరసగా వేషాలు కడతారు. తోటి వేషం రోజున ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, వేపాకు కట్టుకుని, ఎదురొచ్చినవాళ్ళను నోటికొచ్చినట్టు తిడుతూ గుడికి పోతారు. మగవాళ్ళు చీర కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని మొక్కు తీరుస్తారు. ఆ జాకెట్లు ఎవరు కుడతారనుకున్నారు? ఏప్రిల్ నెలాఖరుకు నా అంగడి ముందు మీసాలవాళ్ళు వరసలో నిలబడేవాళ్ళు. "అక్కా, చంకల దగ్గర కొంచెం లూజు పెట్టు" అని ఒక ఆటో డ్రైవరు ప్రతి ఏడూ చెప్పేవాడు. నలభై రెండు ఇంచీల ఛాతీకి డార్టులు వేసి కుట్టిన దాన్ని, ఏడేళ్ళ పిల్లాడికి ఎముకలు కుట్టడం ఒక లెక్కా?

మరి నాకు అభ్యంతరమే లేదా అంటే, ఉండింది. ఆ ఏడాది దీపావళి సరిగ్గా అక్టోబరు 31నే పడింది. అమావాస్య, లక్ష్మీపూజ, ఇంట్లో ఎముకల గూడు. బట్టలు కుట్టి ఇచ్చినదాన్నే, ఆ పొద్దు ఉదయం మాత్రం వద్దని మొరాయించాను. అక్కడ ఆరు కావస్తుండగా పొద్దు గుంకుతుంది. ప్రదోషంలో పూజ చెయ్యాలి, పిల్లలు బయల్దేరేదీ అప్పుడే. పూజ అయ్యాక వేషం మార్చుకుని పొమ్మంటే స్నేహితులు వెళ్ళిపోతారని వాడు ఏడుపు. కోడలు నా మొహం వంక చూసి ఏమీ అనలేదు. పిండివంటల దగ్గరే నిలబడిపోయింది, పాపం.

అప్పుడు నాకు తోటి వేషం గుర్తొచ్చింది. బొగ్గు పూసుకుని, బూతులు తిట్టుకుంటూ వచ్చినవాణ్ణి గంగమ్మ గుళ్ళోకి రానిస్తుంది. తెల్ల పౌడరు పూసుకున్న పసివాణ్ణి లక్ష్మీదేవి వద్దంటుందా? వాడు ఎముకల గూటి వేషంలోనే పీట మీద కూర్చుని, మా ఆయన పంచె గుండెల మీద వేసుకుని, హారతి ఇచ్చినంతసేపూ గంట కొట్టాడు. ఆ ఫోటో మా అబ్బాయి ఫోన్లో ఉంది. బంధువుల గ్రూపులో పెట్టొద్దని నేనే చెప్పాను, ఆ చాదస్తం నాకూ ఉంది.

ఇంకొక పొరపాటు చేశాను, అదీ చెప్పేస్తాను. పిల్లలొస్తారని ముందురోజే అరవై చెనక్కాయ ఉండలు చేసి పెట్టాను. కోడలు చూసి బెదిరిపోయింది. ఇంట్లో చేసినవి అక్కడ పంచకూడదట, కంపెనీ కాగితం చుట్టి ఉన్నవే ఇవ్వాలి. పైగా చెనక్కాయలు! మా మనవడి క్లాసులో ఒక పాపకు వేరుశెనగ ముక్క నోట్లో పడితే ఊపిరి ఆడదట, ఆసుపత్రికి పరుగెత్తాలట. అలాంటి పిల్లల కోసం కొన్ని ఇళ్ళ మెట్ల మీద నెమలికంఠం రంగు పూసిన గుమ్మడికాయ పెడతారు. తినేవి కాకుండా పెన్సిళ్ళు, బొమ్మలు కూడా ఇక్కడ దొరుకుతాయని దానర్థం. 2014 నుంచి దేశమంతా ఈ పద్ధతి పాకిందని మా అబ్బాయి చెప్పాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళు మిఠాయిలో విషం పెడతారనే భయం కూడా అక్కడ పాతదే. జోయెల్ బెస్ట్ అనే ప్రొఫెసరు ఏళ్ళ తరబడి పాత వార్తలన్నీ తవ్వి, అలా పంచిన మిఠాయి తిని పిల్లలు చనిపోయినట్టు రుజువైన కేసు ఒక్కటీ దొరకలేదన్నాడట. అయినా కాగితం చుట్టనిది ఎవరూ తీసుకోరు. ఆ ఉండలు నేనూ మా అబ్బాయీ నవంబరు నెలాఖరు దాకా తిన్నాం.

ఇక ఆ సాయంత్రం. ఆ అక్టోబరంతా న్యూజెర్సీలో చినుకు పడలేదనే చెప్పాలి. రాలిన ఆకులు అప్పడాల్లా విరుగుతున్నాయి, ఎక్కడ నిప్పంటుకుంటుందోనని అందరికీ భయం. చలి కూడా లేదు, మన సంక్రాంతి మధ్యాహ్నంలా ఉంది. మా అబ్బాయి ఆకులన్నీ ఊడ్చి, బకెట్టుతో నీళ్ళు పెట్టి, సిమెంటు మెట్ల మీద మాత్రం ప్రమిదలు పెట్టనిచ్చాడు. ముగ్గు పక్కనే గుమ్మడికాయ, దాని కళ్ళలోంచి కూడా దీపం. ఆ గుమ్మడికాయ తొలిచింది మా మనవడూ వాళ్ళ నాన్నా. పీచు తీసి, గింజలు ఉప్పూ కారం వేసి వేయించాను, బాగున్నాయి. తొలిచిన గుజ్జు పారెయ్యడం ఇష్టం లేక పులుసు పెడితే చప్పగా, నీళ్ళ నీళ్ళగా ఉంది. అవి కొయ్యడానికి పండించేవి, వండడానికి కాదట.

అక్కడ ఒక కట్టుబాటుంది. గుమ్మం ముందు లైటు వెలిగి ఉంటే పిల్లలు రావచ్చు, ఆర్పి ఉంటే రాకూడదు. హాలోవీన్ ఇష్టం లేనివాళ్ళు, అమెరికా వాళ్ళలోనూ ఉన్నారు, లైటు ఆర్పి లోపల కూర్చుంటారు. మా ఎదురింటి గుంటూరాయన ఏటా అలాగే ఆర్పేవాడట. లెక్చరర్ గారిలాగే ఆయనకూ ఇది సరిపడదు. ఆ రోజేమో దీపావళి. ఇంటి చుట్టూ దీపాలు, మెట్ల మీద దీపాలు, పిట్టగోడ మీద సీరియల్ సెట్లు. వీధిలో అన్నిటికంటే వెలుగున్న ఇల్లు ఆయనదే! పిల్లలు ఊరుకుంటారా, గుంపులు గుంపులుగా పోయి తలుపు కొట్టారు. ఆయన పట్టు పంచెతో వచ్చి, ఎదురుగా ఉన్న మంత్రగత్తెనూ డైనోసారునూ చూసి నిలబడిపోయాడు. ఇంట్లో చాక్లెట్లు లేవు. ఆయన భార్య కాజూ కట్లీ తెచ్చింది, వెనకున్న తల్లులు వద్దు వద్దన్నారు. ఆఖరికి ఆయన చిల్లర డబ్బా తెచ్చి ఒక్కొక్కరికీ ఒక క్వార్టరు, అంటే పావలా డాలరు, వేశాడు. మూడో గుంపు వచ్చేసరికి ఆయనే మెట్ల మీద కుర్చీ వేసుకుని, నువ్వేం వేషం అని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు.

లెక్చరర్ గారు "అడుక్కోవడం" అన్న మాట దగ్గర నాకు బాధ కలిగింది. ఆయనది కృష్ణా జిల్లా అని లేఖ కింద ఉంది. అక్కడివారికి నేను చెప్పాలా? మా అత్తగారిది నెల్లూరు వైపు. ఆమె చిన్నప్పుడు దసరాకు బడి అయ్యవారు పిల్లలందరినీ వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పేవారట. చేతుల్లో రంగు కాగితాలు చుట్టిన విల్లంబులు, గిలకల బాణాలు, నోట్లో పాట. ఆ పాటలో వినయమేమీ లేదు. దసరాకు వచ్చామని విసుక్కోవద్దని దబాయింపు, పావలా ఇస్తే పట్టమని బేరం. అయ్యవారికి వరహాలు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇస్తేగానీ గుమ్మం దిగేవారు కాదు. అది అడుక్కోవడమా? ఇస్తావా, లేక అల్లరి చెయ్యమంటావా అని అమెరికా పిల్లలు అడిగేది దానికి చుట్టమే. తేడా ఒకటే, వీళ్ళు పావలాకే థాంక్యూ చెప్పి వెళ్ళిపోయారు.

క్షుద్రమన్న మాటకొస్తే, నవంబరు 1 క్రైస్తవులకు సకల పునీతుల పండుగ, ఇది దాని ముందు రాత్రి. మర్నాడు 2న చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థిస్తారు. మన ఊళ్ళలోనూ క్రైస్తవులు ఆ రోజు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు కదా. అంతకు ముందు నుంచీ ఐర్లండు వైపు పంట నూర్పిళ్ళయి చలి మొదలయ్యే ఆ రోజున పోయినవాళ్ళు తిరిగి వస్తారని నమ్మేవారట. అక్కడ టర్నిప్పు దుంపల్ని తొలిచి మొహాలు చేసేవారు. పొట్ట చేతబట్టుకుని అమెరికా వచ్చాక గుమ్మడికాయ దొరికింది, పెద్దది, తొలవడం సులువు. మనం మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టేదీ దానికి కాస్త ముందే. గుమ్మానికి బూడిదగుమ్మడి కట్టి, కొత్త ఇంటికి కోరలూ నాలుకా ఉన్న దిష్టిబొమ్మ వేలాడదీసే మనం, గుమ్మడికాయకు కోరలు చెక్కి గుమ్మంలో పెట్టినవాణ్ణి చూసి జడుసుకోవడం ఏం బాగుంటుంది?

ఒక్క విషయంలో ఆయన మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. డబ్బు. ఆ ఏడాది ఈ పండగ మీద అమెరికాలో 1,160 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని అక్కడి వ్యాపారుల సంఘం అంచనా వేసింది. నవంబరు 1 పొద్దున చెత్తడబ్బాల్లో ఉల్లిపొర వేషాలు కుక్కి ఉండడం నేను కళ్ళారా చూశాను. ఒక బ్యాట్‌మ్యాన్ చొక్కా తీసి కుట్టు చూశాను కూడా. మా కోడలు, అత్తా ఎవరైనా చూస్తారు, లోపలికి రా అంది. ఇప్పుడు మన హైదరాబాదు గేటెడ్ కమ్యూనిటీల్లోనూ ఇవే వేషాలు ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నారట. దయ్యాన్ని దిగుమతి చేసుకుంటే చేసుకున్నారు, కనీసం దాని బట్టలు వీధి చివరి టైలరుకు ఇవ్వండి.

పక్కింటి పెద్దావిడ సంగతి చెప్పలేదు. ఆ రాత్రి ఆవిడ మంత్రగత్తె టోపీ పెట్టుకుని, మిఠాయి గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఇంటి ముందు కూర్చుంది. మనవడితో నేనూ వెళ్ళాను. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆవిడ వాడికి మిఠాయి ఇచ్చి, వాడి చొక్కా అంచు పట్టుకుని చూసింది. చూసి ఊరుకోలేదు, అంచును తిరగేసింది. లోపలి హెమ్మింగు మీద బొటనవేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయి, తలెత్తి నా వైపు చూసింది. గుడ్డ తిరగేసి చూసే మనిషి ఎవరో ఆ పని చేసినవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. కుట్టింది నేనని చేత్తో సూది ఆడించి చూపించాను. ఆవిడా అలాగే చేత్తో సూది ఆడించి, నేల నుంచి ఇంత ఎత్తు, అంత ఎత్తు అని ముగ్గురు పిల్లల్ని చూపించింది. వాళ్ళకు అన్ని వేషాలూ తనే కుట్టేదని తర్వాత కోడలు అడిగి చెప్పింది. మర్నాడు ఒక అరిసె, ఒక మురుకు పట్టుకుని వాళ్ళ గుమ్మం ఎక్కాను. అదే రోజు న్యూయార్క్ నగరంలో బడులన్నిటికీ మొట్టమొదటిసారి దీపావళి సెలవిచ్చారని మా అబ్బాయి చెప్పాడు. ఫిబ్రవరిలో నేను బయల్దేరే రోజు ఆవిడ ఒక పాత బిస్కెట్ డబ్బా ఇచ్చింది. దాని నిండా గుండీలు. ఒకే రకంవి ఆరున్నాయి, ఇత్తడివి, వాటిని ఇంకా దేనికీ వాడలేదు.

లెక్చరర్ గారికి నా మనవి, మే నెలలో తిరుపతి రండి. జాతర వారంలో మా అరుగు మీద కూర్చోండి, మజ్జిగ ఇస్తాను. తోటి వేషంవాళ్ళు వచ్చి తిడితే మాత్రం నన్ను అనొద్దు.

ఈ ఏడు మనవడికి పులి వేషం కావాలట. పసుపు ఫ్లానెల్ తెచ్చి, నల్ల చారలు వేసి కుట్టి, పదిహేను రోజుల కిందటే కొరియరు చేశాను. గుడ్డ ఖరీదుకు కొరియరు ఖర్చు నాలుగింతలయింది, ఆ లెక్క ఇంట్లో చెప్పలేదు. తోక ఎంత పొడుగు పెట్టాలో వాడు చెప్పలేదు. కారు తలుపులో పడుతుందేమోనని మోకాలి దాకానే పెట్టాను. నిన్న వీడియోలో చూపించాడు, పొట్టిదైపోయిందని అలిగి ఉన్నాడు.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి